జాక్స్‌బీ జార్ లిబ్‌లోనే ఉంది, యాంట్ మాత్రం క్లాస్ లేదంటోంది

గన్నవరం_గ్రెప్
పాత ప్రాజెక్ట్ ఒకటి నెత్తిన పడింది. గుంటూరు మిర్చి కమీషన్ వ్యాపారులకి చేసిన లెక్కల సాఫ్ట్‌వేర్. చెల్లింపుల ఫైల్ బ్యాంకు ఇచ్చిన ఎక్స్ఎస్‌డీ (ఎక్స్ఎంఎల్ ఫైల్ ఎలా ఉండాలో చెప్పే నమూనా) ప్రకారం ఉండాలి. ఆ ఎక్స్ఎస్‌డీ నుంచి జావా క్లాసులు తయారు చేసేది ఒక యాంట్ (జావా బిల్డ్ టూల్) స్క్రిప్ట్. రాసినాయన ఎప్పుడో మానేసి కెనడా వెళ్ళిపోయాడు. పాత మెషీన్‌లో జేడీకే 8 మీద నిక్షేపంలా నడిచేది. కొత్త ఉబుంటు మెషీన్‌లో జేడీకే 17 వేసి, నా హోమ్ ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకున్నాను. ఇప్పుడు యాంట్ జనరేట్ అని కొడితే ఇది:

నోక్లాస్‌డెఫ్‌ఫౌండ్‌ఎర్రర్: జావాఎక్స్/ఎక్స్ఎంఎల్/బైండ్/జాక్స్‌బీఎక్సెప్షన్

జాక్స్‌బీ (ఎక్స్ఎంఎల్‌నీ జావా క్లాసుల్నీ కలిపే లైబ్రరీ) ఏపీఐ 2.3.1 జార్, అంటే దాని క్లాసుల మూట, లిబ్ ఫోల్డర్‌లో కళ్ళెదుటే ఉంది. బాష్‌ఆర్‌సీలో క్లాస్‌పాత్ (జావా క్లాసుల కోసం వెతికే చోట్ల జాబితా) వేరియబుల్ కూడా పెట్టాను. అయినా అదే పాట. సీజన్ మధ్యలో ఉన్నాం, క్లయింటు టిఫిన్ కూడా చేయనివ్వడం లేదు. ఎవరికైనా ఐడియా ఉంటే చెప్పండి.

బ్రాడీపేట_బగ్
జేడీకే 8 వేసుకుని ఇంటికి పో గురూ. ఆ తర్వాత వచ్చేవాడు చూసుకుంటాడు.

అరండల్‌పేట_అన్న
బగ్ వేళాకోళానికి అన్నా అందులో సగం నిజం ఉంది. జాక్స్‌బీ జావా 6 నుంచి జేడీకేతోనే వచ్చేది. 9లో దాన్ని డెప్రికేట్ చేశారు, 2018 సెప్టెంబరులో వచ్చిన 11లో తీసేశారు. ఎక్స్ఎస్‌డీ నుంచి క్లాసులు పుట్టించే ఎక్స్‌జేసీ, దానితోపాటు డబ్ల్యూఎస్‌ఇంపోర్ట్ కమాండ్లు కూడా దాంతోనే పోయాయి. 9, 10లో యాడ్ మాడ్యూల్స్ అని ఫ్లాగ్ పెడితే నడిచేది, 17లో ఆ ఫ్లాగ్ పెట్టినా మాడ్యూలే లేదు కాబట్టి ఉపయోగం లేదు.

అంటే మీ స్క్రిప్ట్ రాసినాయన ఏపీఐ ఎలాగూ జేడీకే ఇస్తుంది కదా అని వదిలేసి ఉంటాడు. అప్పట్లో అందరూ అలాగే వదిలేశారు. ఇప్పుడు జార్‌లు మీరే ఇవ్వాలి. ఇచ్చారు సరే, ఎక్కడ ఇచ్చారు? బిల్డ్ డాట్ ఎక్స్ఎంఎల్‌లో టాస్క్‌డెఫ్ (యాంట్‌కి కొత్త టాస్క్‌ని పరిచయం చేసే లైను) ఎలా ఉందో, జావాసీ (కంపైలర్) ఎలా ఉందో చెప్పండి.

గన్నవరం_గ్రెప్
లిబ్‌లో ఉన్న జార్‌లన్నిటికీ ఒక పాత్ ఐడీ ఉంది అన్నా. జావాసీ టాస్క్‌లో క్లాస్‌పాత్‌రెఫ్ అని దాన్ని ఇచ్చారు. ఎక్స్‌జేసీ టాస్క్‌డెఫ్‌లో పేరు, క్లాస్‌నేమ్ తప్ప ఇంకేమీ లేవు.

సెమీకోలన్_రాణి
అదే కదండీ సంగతి. జావాసీకి ఇచ్చిన క్లాస్‌పాత్ కంపైల్ చేయడానికే. ఎక్స్‌జేసీ నడిచేది అంతకంటే ముందు, వేరే చోట. క్లాసులు పుట్టించే ఏ బిల్డ్‌లోనైనా మూడు క్లాస్‌పాత్‌లు ఉంటాయి: జనరేటర్ నడవడానికి కావాల్సినది, అది పుట్టించిన కోడ్ కంపైల్ అవడానికి కావాల్సినది, చివరికి అప్లికేషన్ సర్వర్‌లో నడవడానికి కావాల్సినది. మన ఊళ్ళో చాలా ప్రాజెక్టుల్లో ఈ మూడూ లిబ్ అనే ఒకే ఫోల్డర్‌లో ఉంటాయి కాబట్టి ఒకటే అనుకుంటాం. వంటమాస్టర్ గరిటెలు తెచ్చి విస్తట్లో వడ్డించినట్టు ఎక్స్‌జేసీ జార్ కూడా సర్వర్‌కి వెళ్ళే వార్ ఫైల్‌లోకి పోతుంటుంది. అడిగేవాడు ఉండడు.

టాస్క్‌డెఫ్‌లో కూడా క్లాస్‌పాత్‌రెఫ్ ఇచ్చి చూడండి.

ఒక అనుమానం మాత్రం ఉంది. టాస్క్‌డెఫ్‌కి క్లాస్‌పాత్ లేకపోతే అసలు ఆ టాస్క్ క్లాసే దొరకలేదని యాంట్ ఏడవాలి. మీకు ఆ ఎర్రర్ రాలేదు, నేరుగా జాక్స్‌బీఎక్సెప్షన్ దగ్గర ఆగింది. అంటే ఎక్స్‌జేసీ ఎక్కడి నుంచో దొరుకుతోంది. ఎక్కడి నుంచి?

బ్రాడీపేట_బగ్
అపరాధ పరిశోధన మొదలైంది. నేను టీ తెచ్చుకుంటా.

పటమట_పైప్‌లైన్
2 వారాల జీతం మిగలాలంటే యాంట్ వదిలేసి గ్రేడిల్ అనే కొత్త బిల్డ్ టూల్‌కి రండి. ఎక్స్‌జేసీ అని ఒక కాన్ఫిగరేషన్ పెట్టి, అందులో జనరేటర్ జార్‌లు రాసి, జావాఎగ్జెక్ టాస్క్‌కి అదే క్లాస్‌పాత్‌గా ఇస్తే అయిపోయింది. రాణి గారు చెప్పిన మూడు క్లాస్‌పాత్‌లు దానికదే విడిపోతాయి. ఇన్‌పుట్ ఎక్స్ఎస్‌డీ, అవుట్‌పుట్ ఫోల్డర్ ప్రకటిస్తే ఎక్స్ఎస్‌డీ మారినప్పుడే మళ్ళీ జనరేట్ అవుతుంది. ఇంకా యాంట్ ఏంటండీ?

పాతకోడ్_బాబాయ్
పైప్‌లైన్ బాబూ, సీజన్ మధ్యలో బిల్డ్ సిస్టం మార్చమని సలహా ఇచ్చేవాడిని క్లయింటు ముందు కూర్చోబెట్టాలి. ఏటుకూరు రోడ్డు మీద లారీలు నిలబడి ఉంటే నువ్వు ర్యాపర్ డౌన్‌లోడ్ అవుతోంది అంటావా? ముందు ఉన్న బండి కదలనీ.

గ్రెప్, బాష్‌ఆర్‌సీలో ఆ వేరియబుల్ తీసేయ్ నాయనా. జావాకి -సీపీ ఇచ్చినా, -జార్ అని నడిపినా క్లాస్‌పాత్ వేరియబుల్‌ని పట్టించుకోదు. -జార్ అయితే పక్కన ఇచ్చిన -సీపీని కూడా పట్టించుకోదు, జార్ లోపలి మానిఫెస్ట్‌లో ఏముంటే అదే. యాంట్ మాత్రం ఆ వేరియబుల్‌ని కలుపుకుంటుంది, అక్కడే తకరారు. పదేళ్ళ కిందటి పాత్‌లు అందులో మూలుగుతుంటాయి.

పటమట_పైప్‌లైన్
బాబాయ్, సీజన్ అయ్యాకే మార్చమంటున్నా. సీజన్ అయ్యాక ఎవరూ మార్చరు, మళ్ళీ సీజన్‌కి ఇదే థ్రెడ్ పైకి వస్తుంది.

గన్నవరం_గ్రెప్
వేరియబుల్ తీసేశాను. టాస్క్‌డెఫ్‌లో క్లాస్‌పాత్‌రెఫ్ ఇచ్చాను. అదే ఎర్రర్, అక్షరం కూడా మారలేదు. రాణి మేడం, ఇప్పుడు ఏపీఐ జార్ టాస్క్‌డెఫ్ పాత్‌లోనే ఉంది. యాంట్ -వీ పెట్టి చూశాను, ఆ జార్ పేరు కనిపిస్తోంది కూడా. ఇదేం చోద్యం?

బెంజ్‌సర్కిల్_బిల్డ్
ఇలాంటిదే నాకూ జరిగింది, కాకపోతే యాంట్ కాదు, షెల్ స్క్రిప్ట్. జావా -సీపీ అని రాసి లిబ్ స్లాష్ స్టార్, దాని వెనక కోలన్ పెట్టి బిల్డ్ స్లాష్ క్లాసెస్ అని ఉండేది. ఏళ్ళ తరబడి నడిచింది. ఆ రెండో ఫోల్డర్ అక్కర్లేదని ఎవరో తీసేశారు, స్టార్ ఒక్కటే మిగిలింది. వెంటనే మెయిన్ క్లాస్ దొరకలేదు అని ఎర్రర్, ఆ మెయిన్ క్లాస్ పేరు చూస్తే లిబ్ డాట్ ఏదో డాట్ జార్!

సెమీకోలన్_రాణి
అది బాష్ చేసే పని. కోట్స్ లేకుండా స్టార్ పెడితే జావా దాకా వెళ్ళకముందే బాష్ దాన్ని విప్పేస్తుంది. మొదటి జార్ క్లాస్‌పాత్ అవుతుంది, రెండో జార్‌ని మెయిన్ క్లాస్ పేరు అనుకుని జావా వెతుకుతుంది. కోలన్ ఉన్నప్పుడు ఆ పేరుతో ఫైలేదీ లేదు కాబట్టి బాష్ దాన్ని ముట్టుకోకుండా జావాకి ఇచ్చేసింది, జావా తనే విప్పుకుంది. అన్నాళ్ళూ నడవడం అదృష్టమే. డబుల్ కోట్స్ పెట్టండి. ఇంకోటి, జావా విప్పే స్టార్ ఆ ఒక్క ఫోల్డర్‌లోని జార్‌లకే, లోపలి ఫోల్డర్లలోకి దిగదు. ఏ జార్ ముందు వస్తుందో కూడా గ్యారంటీ లేదు.

బెంజ్‌సర్కిల్_బిల్డ్
అవును, కోట్స్ పెట్టాకే నడిచింది. అదే స్క్రిప్ట్‌ని ఒకాయన విండోస్‌లో గిట్ బాష్‌లో నడపబోయాడు. అక్కడ కోలన్ కాదు సెమీకోలన్ కావాలి, సెమీకోలన్ పెడితే బాష్ కమాండ్ అయిపోయిందనుకుంటుంది, మళ్ళీ కోట్స్.

బ్రాడీపేట_బగ్
రాణి గారి పేరు వెనక ఇంత కథ ఉందా.

అరండల్‌పేట_అన్న
గ్రెప్, రాణి గారి అనుమానం దగ్గరికే వద్దాం. ఎక్స్‌జేసీ ఇంకెక్కడో దొరుకుతోంది అన్నారు కదా. యాంట్ -డయాగ్నస్టిక్స్ అని నడపండి. అందులో రెండు జాబితాలు చూడండి: యాంట్ హోమ్ లిబ్‌లో ఉన్న జార్‌లు, మీ యూజర్ హోమ్‌లో డాట్ యాంట్ స్లాష్ లిబ్‌లో ఉన్న జార్‌లు. హోమ్ ఫోల్డర్ మొత్తం కాపీ చేశాను అన్నారు, నాకు అక్కడే అనుమానంగా ఉంది.

గన్నవరం_గ్రెప్
అన్నా, మీకు దండం. హోమ్‌లో డాట్ యాంట్ ఫోల్డర్ ఉందనే నాకు తెలియదు. అందులో జాక్స్‌బీ ఎక్స్‌జేసీ, జాక్స్‌బీ ఇంప్ల్ రెండు పాత జార్‌లు ఉన్నాయి, 2.1 నాటివి. ఏపీఐ జార్ లేదు. కెనడా ఆయన మెషీన్ నుంచి నాకు, నా నుంచి కొత్త మెషీన్‌కి వారసత్వంగా వచ్చాయన్నమాట.

కానీ ఒకటి అర్థం కాలేదు. అవి అక్కడ ఉంటే ఉండనీ, నా లిబ్‌లో కొత్తవి ఉన్నాయి కదా. ఏపీఐ అక్కడి నుంచి తీసుకోవచ్చుగా?

సెమీకోలన్_రాణి
తీసుకోదు, ఎందుకో చెప్తాను. డాట్ యాంట్ లిబ్‌లో ఉన్నవి యాంట్ సొంత క్లాస్‌లోడర్ (క్లాసుల్ని వెతికి మెమరీలోకి తెచ్చేది) లోకి వెళ్తాయి. మీరు టాస్క్‌డెఫ్‌లో ఇచ్చిన పాత్‌కి యాంట్ ఇంకో లోడర్ పెడుతుంది, అది కింద ఉంటుంది. కింది లోడర్ ఏ క్లాస్ అడిగినా మామూలుగా ముందు పై లోడర్‌ని అడుగుతుంది. ఎక్స్‌జేసీ టాస్క్ కావాలి అంటే పైన పాత జార్‌లో దొరికింది, అక్కడి నుంచే వచ్చింది. మీ లిబ్‌లోని కొత్త ఎక్స్‌జేసీ దాకా రానేలేదు.

ఇప్పుడు పైన లోడైన ఆ క్లాస్‌కి జాక్స్‌బీఎక్సెప్షన్ కావాల్సి వచ్చింది. పైన లోడైన క్లాస్ పైనే వెతుకుతుంది, కిందికి తొంగి చూడదు. జేడీకే 8 రోజుల్లో ఇంకా పైన జేడీకే దగ్గర దొరికేది. 17లో అక్కడ లేదు, కింద ఉన్నా కనపడదు. మీ లిబ్‌లో ఎన్ని జార్‌లు పెట్టినా ఎర్రర్ అక్షరం మారకపోవడానికి కారణం అదే.

ఇలాంటి చోట క్లాస్‌పాత్‌లో జార్ ఉందా లేదా అని చూడటం కంటే, అడిగే క్లాస్ ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. యాంట్ ఆప్ట్స్ అనే వేరియబుల్‌లో -వెర్బోస్ కోలన్ క్లాస్ పెట్టండి, ప్రతి క్లాస్ పక్కన అది ఏ ఫైల్ నుంచి వచ్చిందో వస్తుంది. అవుట్‌పుట్ చాంతాడంత ఉంటుంది, ఎక్స్‌జేసీ అని గ్రెప్ కొట్టండి, మీ పేరులోనే ఉంది.

పాతకోడ్_బాబాయ్
శెభాష్ అమ్మా. వెబ్‌లాజిక్ సర్వర్ రోజుల్లో ఇదే రోగంతో రాత్రుళ్ళు గడిపాం, ఇంత సూటిగా చెప్పినవాడు లేడు.

అరండల్‌పేట_అన్న
ఆ రెండు జార్‌లు తీసి పక్కన పెట్టండి. తీయడానికి భయమైతే యాంట్ -నోయూజర్‌లిబ్ అని నడపండి, ఆ ఫోల్డర్‌ని వదిలేస్తుంది. సర్వర్‌లో బిల్డ్ చేసే స్క్రిప్ట్‌లో ఆ ఫ్లాగ్ శాశ్వతంగా పెట్టేయడం మంచిది. ఎవరి హోమ్ ఫోల్డర్‌లో ఏముందో మనకెందుకు.

గన్నవరం_గ్రెప్
-నోయూజర్‌లిబ్ పెట్టాను, ఎర్రర్ మారింది! ఇప్పుడు జావాఎక్స్/యాక్టివేషన్/డేటాసోర్స్ లేదంటోంది. ఎర్రర్ మారినందుకు ఇంత సంతోషిస్తానని అనుకోలేదు.

అరండల్‌పేట_అన్న
యాక్టివేషన్ కూడా 11లో తీసేసిన వాటిలోనే ఉంది. జావాఎక్స్ యాక్టివేషన్ జార్ ఒకటి లిబ్‌లో పడేయండి.

వీధిచివర_వెర్షన్
ఎందుకండీ ఈ పాత జార్‌ల గొడవ, జాక్స్‌బీ 4 పెట్టేయండి. లేటెస్ట్.

గన్నవరం_గ్రెప్
వెర్షన్ గారు చెప్పినట్టు 4 పెట్టి చూశాను. జనరేట్ అయింది. కానీ కంపైల్‌లో వందల ఎర్రర్లు. పుట్టిన క్లాసుల్లో ఇంపోర్టులు జకార్తా డాట్ ఎక్స్ఎంఎల్ డాట్ బైండ్ అని ఉన్నాయి, మా పాత కోడ్ అంతా జావాఎక్స్.

పాతకోడ్_బాబాయ్
నెమ్మదిగా పోతున్న బండికి కొత్త ఇంజన్ బిగించమని ఎవరు చెప్పారు?

సెమీకోలన్_రాణి
వెర్షన్ గారూ, 3 నుంచి ప్యాకేజీ పేర్లే మారిపోయాయి, జావాఎక్స్ పోయి జకార్తా వచ్చింది. కొత్త ప్రాజెక్ట్ అయితే 4తోనే మొదలుపెట్టాలి, ఆ మాట నిజం. పాత కోడ్‌కి 2.3 సిరీస్‌లోనే ఉండాలి. గ్రెప్ గారు 2.3కి తిరిగి వెళ్ళండి. ఎక్స్‌జేసీ, కోర్, ఇంప్ల్, ఏపీఐ అన్నీ 2.3 సిరీస్‌వే ఉండాలి, ఒకటి 2.3 ఒకటి 4 కలిపితే ఇంకో రకం నరకం.

ఇక్కడ ఒక గుంట ఉంది, చూసుకోండి. జకార్తా ఎక్స్ఎంఎల్ బైండ్ ఏపీఐ 2.3.3 అని ఒక జార్ దొరుకుతుంది. పేరులో జకార్తా ఉన్నా లోపల ప్యాకేజీలు జావాఎక్స్‌వే. పేరు చూసి భయపడి తీసేయకండి. అలాగే జావాఎక్స్ పేరుతో ఉన్న 2.3.1 ఏపీఐనీ దీన్నీ పక్కపక్కనే పెట్టకండి, రెండింట్లోనూ అవే క్లాసులు ఉంటాయి. సందేహం వస్తే జార్ -టీఎఫ్ కొట్టి లోపల చూడండి.

బ్రాడీపేట_బగ్
బయట జకార్తా, లోపల జావాఎక్స్. మా హాస్టల్ మెస్‌లో బోర్డు మీద చికెన్ అని రాసేవాళ్ళు.

గన్నవరం_గ్రెప్
2.3కి తిరిగి వచ్చాను, అన్నీ 2.3వే పెట్టాను, యాక్టివేషన్ కూడా. జనరేట్ అయింది, కంపైల్ అయింది, టెస్ట్ ఫైల్ బ్యాంకు వాళ్ళ చెకర్‌లో పాసైంది. అందరికీ థ్యాంక్స్. రాణి మేడం, అన్నా, బెజవాడ వైపు వస్తే గన్నవరంలో భోజనం నాది.

పాతకోడ్_బాబాయ్
నాకు లేదా?

గన్నవరం_గ్రెప్
మీకు రెండు విస్తళ్ళు బాబాయ్.

పాతకోడ్_బాబాయ్
అయితే ఇంకో సలహా ఉచితం. ఆ జనరేట్ అయిన క్లాసుల్ని గిట్‌లో పెట్టేయ్. ఆ ఎక్స్ఎస్‌డీ ఎన్నాళ్ళకోసారి మారుతుంది? ఏడాదికి ఒకసారి మారితే ఎక్కువ. దానికోసం ప్రతి బిల్డ్‌లో ఈ తతంగం ఎందుకు?

పటమట_పైప్‌లైన్
దయచేసి అలా చేయకండి. ఎవడో ఒకడు అర్జంటుగా జనరేట్ అయిన క్లాస్‌లో చేయి పెట్టి ఒక లైన్ మారుస్తాడు. ఎక్స్ఎస్‌డీ మారిన రోజు మళ్ళీ జనరేట్ చేస్తే ఆ లైన్ మాయం. ఆ రోజు ఎవరు ఏం మార్చారో వెతుక్కోవాలి.

అరండల్‌పేట_అన్న
ఇద్దరి మాటా కొట్టిపారేయలేం. మా దగ్గర గిట్‌లో పెడతాం, కానీ వేరే మాడ్యూల్‌గా. అందులో మనిషి చేత్తో రాసిన ఫైల్ ఒక్కటీ ఉండదు, అది జార్‌గా వెళ్ళి మెయిన్ ప్రాజెక్ట్‌లో చేరుతుంది. నైట్లీ బిల్డ్‌లో మళ్ళీ జనరేట్ చేసి తేడా వస్తే బిల్డ్ ఫెయిల్ చేస్తాం. అప్పుడు ఎవడు చేయి పెట్టినా దొరికిపోతాడు. ఎక్స్‌జేసీ ఫైల్ పైన తేదీతో కామెంట్ రాస్తుంది, ఏమీ మారకపోయినా తేడా చూపిస్తుంది, దాన్ని ఆపేందుకు నో హెడర్ అని ఆప్షన్ ఉంది, అది పెట్టుకోండి.

పటమట_పైప్‌లైన్
ఇది ఒప్పుకుంటాను. నైట్లీ చెక్ లేకపోతే మాత్రం ఒప్పుకోను.

బెంజ్‌సర్కిల్_బిల్డ్
మావెన్ (ఇదీ ఒక బిల్డ్ టూలే) లో ఉన్నవాళ్ళకి ఇదే సమస్య ఇంకో వేషంలో వస్తుంది. ప్రాజెక్ట్ డిపెండెన్సీల్లో జార్ పెట్టినా ప్లగిన్‌కి కనపడదు. ప్లగిన్ ట్యాగ్ లోపలే ఇంకో డిపెండెన్సీస్ ట్యాగ్ పెట్టి అక్కడ ఇవ్వాలి. ఎంవీఎన్ -ఎక్స్ కొడితే ప్లగిన్ రియల్మ్ (ప్లగిన్ సొంత క్లాస్‌లోడర్) లో ఏయే జార్‌లు ఉన్నాయో చూపిస్తుంది. డిపెండెన్సీ ట్రీలో వెతికి లాభం లేదు, అది ప్రాజెక్ట్ డిపెండెన్సీలనే చూపిస్తుంది.

ఫైనలియర్_కుర్రాడు
అన్నలూ అక్కలూ, ఇక్కడే అడగొచ్చా? మా ప్రాజెక్ట్‌లో లాంబాక్ (గెటర్లు సెటర్లు పుట్టించేది), మ్యాప్‌స్ట్రక్ట్ (ఒక క్లాస్ డేటాని ఇంకో క్లాస్‌లోకి మార్చే కోడ్ పుట్టించేది) రెండూ మామూలు డిపెండెన్సీలుగా పెట్టాం. నా ల్యాప్‌టాప్‌లో జేడీకే 21, బాగానే ఉంది. మా టీమ్‌లో ఇంకో అమ్మాయి ల్యాప్‌టాప్‌లో 23, అక్కడ గెటర్లు దొరకట్లేదని కంపైల్ ఎర్రర్. కోడ్ ఒక్కటే. రివ్యూ శుక్రవారం.

సెమీకోలన్_రాణి
అడగొచ్చు, ఇదీ కోడ్ పుట్టించే వ్యవహారమే. జావా 23 నుంచి క్లాస్‌పాత్‌లో ఉన్నంత మాత్రాన ఇలా కంపైల్ సమయంలో కోడ్ పుట్టించే యానొటేషన్ ప్రాసెసర్లని జావాసీ నడపదు, మనం చెప్పాలి. 21లో చెప్పకపోయినా నడిచేది. పామ్ (మావెన్ బిల్డ్ ఫైల్) లో కంపైలర్ ప్లగిన్ కింద యానొటేషన్ ప్రాసెసర్ పాత్స్ అని పెట్టి అందులో లాంబాక్, మ్యాప్‌స్ట్రక్ట్ ప్రాసెసర్, లాంబాక్ మ్యాప్‌స్ట్రక్ట్ బైండింగ్ మూడూ ఇవ్వండి. ఒకసారి ఆ పాత్ ఇచ్చాక ప్రాసెసర్ల కోసం మామూలు క్లాస్‌పాత్‌లో వెతకదు, కాబట్టి ఒకటి మర్చిపోతే అదే పనిచేయదు. లాంబాక్ 23ని సపోర్ట్ చేసే కొత్త వెర్షన్ అయి ఉండాలి.

ఫైనలియర్_కుర్రాడు
బైండింగ్ అనేది మా పామ్‌లో లేదు అక్కా. అది తప్పనిసరా?

సెమీకోలన్_రాణి
లాంబాక్ 1.18.16 నుంచి కావాలి. లేకపోతే గెటర్లు సెటర్లు రాకముందే మ్యాప్‌స్ట్రక్ట్ చూసి, ఇలాంటి ప్రాపర్టీ లేదు అంటుంది.

ఫైనలియర్_కుర్రాడు
వచ్చింది అక్కా! ఇద్దరి ల్యాప్‌టాప్‌ల్లోనూ కంపైల్ అయింది.

వీధిచివర_వెర్షన్
నా గ్రేడిల్‌లో జనరేట్ టాస్క్ కంపైల్ తర్వాత నడుస్తోంది, అది కూడా ఇక్కడే అడగనా?

అరండల్‌పేట_అన్న
సోర్స్‌సెట్‌లో ఫోల్డర్ పేరు కాకుండా ఆ టాస్క్‌నే సోర్స్ డైరెక్టరీగా ఇవ్వండి, వరస దానికదే కుదురుతుంది. కుదరకపోతే కొత్త థ్రెడ్ పెట్టండి, పైప్‌లైన్ కాచుకుని ఉన్నాడు.

పటమట_పైప్‌లైన్
ఉన్నాను. లింక్ ఇక్కడ వేయండి.